తాళం ఎవరి దగ్గరుంది?

మా పిన్ని కొడుకు నెలకోసారైనా ఫోన్ చేస్తాడు. బాగోగులు రెండు నిమిషాలు, ఆ తర్వాత అసలు సంగతి. "అన్నయ్యా, నువ్వు క్రిప్టోలోనే ఉన్నావు కదా, ఏదన్నా ఒక మంచి కాయిన్ చెప్పొచ్చుగా?" ఇన్నేళ్ళుగా నేను చెప్పేది ఒకటే, నాకు తెలీదురా అని. వాడు నమ్మడు. తెలిసీ దాస్తున్నాను అనుకుంటాడు, పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు మా బాబాయి కూడా అదే అనుమానంతో చూస్తాడు. నిజంగానే నాకు తెలీదు. రేపు బిట్‌కాయిన్ ఎంత ఉంటుందో ఈ ఫీల్డ్‌లో పనిచేసే నా ఫ్రెండ్స్‌లో ఎవ్వరికీ తెలీదు, తెలుసని చెప్పేవాళ్ళు మాత్రం టెలిగ్రామ్ గ్రూపుల్లో బోలెడంత మంది దొరుకుతారు.

మొన్నామధ్య మాత్రం వేరే ఫోన్ వచ్చింది. బాపట్ల దగ్గర బీటెక్ ఫైనల్ ఇయర్ చదువుతున్న కుర్రాడు, తెలిసినవాళ్ళ ద్వారా నంబర్ తీసుకున్నాడంట. "అన్నా, క్రిప్టో ఇండస్ట్రీలో నిలబడాలంటే ఏం కావాలి?" అన్నాడు. కొనాలంటే అనలేదు, నిలబడాలంటే అన్నాడు. ఆ ఒక్క మాటకి నాకు చాలా సంతోషమేసింది, గంటన్నర మాట్లాడాను, అయినా సగం చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందు మా నాన్న గురించి చెప్పాలి. నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో ముప్పై ఏళ్ళకి పైగా గుమస్తాగా చేశారు. రైతులు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తెచ్చి దింపడం, వేలం, కాటా, పట్టీ రాయడం, డబ్బులివ్వడం, ఇవన్నీ చిట్టాలో, అంటే రోజువారీ లెక్కల పుస్తకంలో, ఎక్కించడం, రాత్రికి ఆవర్జాలో సర్దడం, ఇదీ ఆయన పని. ఆ దుకాణంలో ఒక ఇనప్పెట్టె ఉండేది, దానికి రెండు తాళాలు. ఒక తాళంచెవి షావుకారు దగ్గర, ఇంకోటి నాన్న దగ్గర. ఇద్దరూ ఉంటేనే పెట్టె తెరుచుకునేది. చిన్నప్పుడు నాకు ఇది భలే వింతగా ఉండేది. షావుకారు డబ్బు, షావుకారు పెట్టె, మధ్యలో మా నాన్న తాళం ఎందుకు అని అడిగా ఒకసారి. అందులో ఉన్నది షావుకారు డబ్బు కాదురా, రైతులది, వాళ్ళు తీసుకెళ్ళేదాకా మన దగ్గర ఉంది అంతే అన్నారు.

నేను 2018లో ఈ ఫీల్డ్‌లోకి వచ్చి మొదటిసారి మల్టీసిగ్ వాలెట్ గురించి చదువుతుంటే, అంటే ముగ్గురో ఐదుగురో సంతకం పెడితేనే డబ్బు కదిలే క్రిప్టో ఖాతా గురించి, నాకు గుర్తొచ్చింది ఆ ఇనప్పెట్టే. బ్లాక్‌చెయిన్ అంటే అందరూ చూడగలిగే, ఎవరూ కొట్టేసి రాయలేని చిట్టా. ప్రైవేట్ కీ అంటే తాళంచెవి. ఎవరి దగ్గర కీ ఉంటే వాళ్ళదే డబ్బు, దానికి కోర్టు లేదు, పోలీస్ లేదు, బ్యాంక్ మేనేజర్ దగ్గరికెళ్ళి బతిమాలుకోవడం లేదు. ఇంత భయంకరమైన బాధ్యతని కోడ్ రాసేవాళ్ళ చేతిలో పెట్టిన పరిశ్రమ ఇంకోటి నాకు తెలీదు. అందుకే నేననేది, ఇక్కడ సక్సెస్ అవ్వడానికి కావాల్సింది గుమస్తా బుద్ధి. అవతలివాడి డబ్బు పోతుందేమోనని రాత్రి నిద్రపట్టని బుద్ధి. తెలివితేటలు, ఇంగ్లీషు, లెక్కలు అన్నీ దాని తర్వాతే.

"అదేంటన్నా, మార్కెట్ టైమింగ్ ముఖ్యం అంటారు కదా అందరూ" అన్నాడు ఆ కుర్రాడు.

టైమింగ్ సంగతి చెప్తాను విను. నేను ఉద్యోగంలో చేరింది 2018 మార్చిలో, హైదరాబాద్‌లో, ఒక చిన్న కంపెనీలో. ఏప్రిల్ 6న ఆర్‌బీఐ సర్క్యులర్ వచ్చింది, క్రిప్టో కంపెనీలతో బ్యాంకులు ఏ లావాదేవీ పెట్టుకోకూడదని, ఉన్న సంబంధాలు తెంచుకోవడానికి మూడు నెలలు టైమని. అదే ఏడాది ఆగస్టులో హైదరాబాద్‌లోనే ఇంటర్నేషనల్ బ్లాక్‌చెయిన్ కాంగ్రెస్ అని పెద్ద సభ జరిగింది, అంటే ఒక పక్క బ్లాక్‌చెయిన్ మన భవిష్యత్తు అని స్టేజీల మీద మాట్లాడుతుంటే ఇంకో పక్క మా కంపెనీకి కరెంట్ అకౌంట్ కూడా లేకుండా పోయింది. జనవరిలో 1,400 డాలర్ల దాకా పోయిన ఈథర్, బిట్‌కాయిన్ లాంటిదే ఇంకో కాయిన్, డిసెంబర్‌కి 90 డాలర్ల కిందికి పడింది. కాయిన్లు కొని అమ్మే ఎక్స్చేంజ్ నడిపే జెబ్‌పే ఆ సెప్టెంబర్‌లో ఇండియాలో దాన్ని ఆపేసింది, అలాంటిదే కాయినెక్స్ 2019 జూన్‌లో మూతపడింది. మా కంపెనీ కూడా మూతపడింది, నాకు రెండు నెలల జీతం రాలేదు, ఇప్పటికీ రాలేదు. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ సర్క్యులర్‌ని కొట్టేసేదాకా ఈ రంగంలో ఉన్నామని చెప్పుకోవడానికి కూడా భయపడ్డాం, ఇంట్లో వాళ్ళకైతే సాఫ్ట్‌వేర్ అని మాత్రమే చెప్పేవాణ్ణి.

ఆ రెండేళ్ళలో వెళ్ళిపోయిన వాళ్ళని నేను తప్పు పట్టను, ఇంటి అద్దెలు ఎవరికైనా కట్టాల్సిందే. కానీ ఇప్పుడు మనం పేర్లు చెప్పుకునే వాళ్ళందరూ ఏం చేశారో చూస్తే, ఆ చీకటి రోజుల్లోనే పని చేశారు.

పాలిగాన్ సంగతే తీసుకోండి. జయంతి కనానీ, సందీప్ నైల్వాల్, అనురాగ్ అర్జున్ 2017లో మాటిక్ నెట్‌వర్క్ అని మొదలుపెట్టారు, పాలిగాన్ పేరు తర్వాత వచ్చింది, మిహాయిలో బ్యెలిచ్ కూడా తర్వాతే కలిశాడు. ఈథర్ నడిచే బ్లాక్‌చెయిన్ ఎథీరియం, అందులో జనం ఎక్కువైతే ఫీజులు పెరిగిపోతాయి, దానికి పక్కన ఇంకో దారి వెయ్యాలి అన్నది వాళ్ళ ఆలోచన. అప్పటికి ఎథీరియం మీద ఇప్పుడున్నంత జనం లేరు. 2018 అంతా మార్కెట్ పడింది, ఇండియాలో బ్యాంకులు లేవు. 2019 ఏప్రిల్‌లో టోకెన్, అంటే వాళ్ళ సొంత కాయిన్, అమ్మితే 50 లక్షల డాలర్లు వచ్చాయి, ఈ ఫీల్డ్‌లో అది చిన్న మొత్తమే. అదే ఏడాది డిసెంబర్ 10న వాళ్ళ టోకెన్ ధర గంటల్లో 70 శాతం దాకా పడిపోయింది. ఆ రోజు ట్విట్టర్‌లో వాళ్ళని తిట్టినవాళ్ళని నేను చూశాను. వాళ్ళు మాత్రం కోడ్ రాస్తూనే ఉన్నారు, 2020లో మెయిన్‌నెట్, అంటే జనం వాడే అసలు నెట్‌వర్క్, వచ్చింది, 2021లో ఎథీరియం ఫీజులు నిజంగానే మండిపోయినప్పుడు జనానికి వెళ్ళడానికి ఒక దారి రెడీగా ఉంది. 2022 ఫిబ్రవరిలో 45 కోట్ల డాలర్ల పెట్టుబడి వచ్చిందని పేపర్లన్నీ రాశాయి. పేపర్లు చూసి వచ్చినవాళ్ళు ఆ 45 కోట్ల గురించి మాట్లాడతారు, నేనైతే 2019 డిసెంబర్ 11న పొద్దున్నే లేచి ల్యాప్‌టాప్ తెరిచినప్పుడు వాళ్ళకి ఎలా ఉండుంటుందా అని ఆలోచిస్తుంటాను.

దళారీ లేకుండా కాయిన్లు మార్చుకునే యూనిస్వాప్‌ని చేసిన హేడెన్ ఆడమ్స్‌ది ఇంకా ముచ్చటైన కథ. సీమెన్స్‌లో మెకానికల్ ఇంజినీర్, 2017 జులైలో ఉద్యోగం ఊడింది. ఎథీరియంలో పనిచేసే ఫ్రెండ్ ఒకడు స్మార్ట్ కాంట్రాక్టులు, అంటే బ్లాక్‌చెయిన్ మీద దానంతటదే నడిచే ప్రోగ్రాములు, నేర్చుకో అన్నాడు. అప్పటికి అతనికి కోడింగ్ సరిగా రాదు. నేర్చుకుంటూ నేర్చుకుంటూ 2018 నవంబర్‌లో, మార్కెట్ అట్టడుగున ఉన్న రోజుల్లో, యూనిస్వాప్ రిలీజ్ చేశాడు. అందులో ఉన్న లెక్క ఎంత చిన్నదో మిర్చితో చెప్తాను. ఒక గోడౌన్‌లో 100 టిక్కీలు, గల్లాలో 10 లక్షల రూపాయలు ఉన్నాయనుకోండి. రూల్ ఒక్కటే, టిక్కీల సంఖ్యని డబ్బుతో గుణిస్తే వచ్చే లెక్క మారకూడదు. 100 ఇంటూ 10 అంటే 1,000. ఎవరైనా 10 టిక్కీలు పట్టుకెళ్ళాలంటే మిగిలేవి 90, లెక్క 1,000 దగ్గరే ఉండాలంటే గల్లాలో 11 లక్షల 11 వేలు ఉండాలి, అంటే వాడు లక్షా 11 వేలు కట్టాలి. సరుకు తగ్గేకొద్దీ రేటు దానంతటదే పెరుగుతుంది. వేలం పాడేవాడు లేడు, దళారీ లేడు, షావుకారు లేడు. ఈ ఆలోచనని ముందే రాసినవాళ్ళు ఉన్నారు, ఎథీరియం మొదలుపెట్టినవాళ్ళలో ఒకడైన విటాలిక్ బ్యూటెరిన్ కూడా దీని గురించి రాశాడు, కానీ కూర్చుని పూర్తిగా కట్టి జనం చేతిలో పెట్టింది ఉద్యోగం పోయిన ఒక మెకానికల్ కుర్రాడు. మన కాలేజీల్లో మెకానికల్ వాళ్ళు, సివిల్ వాళ్ళు బ్రాంచి తప్పు తీసుకున్నామని కుంగిపోతుంటారు, అందుకే ఈ కథ వాళ్ళకి పనిగట్టుకుని చెప్తుంటాను.

సరే, ఓపిక కావాలి, అది ఏ రంగంలోనైనా కావాలి. ఇక్కడ ప్రత్యేకంగా కావాల్సింది నేను ముందు చెప్పిన భయం.

బ్రిడ్జ్ అంటే ఒక బ్లాక్‌చెయిన్ నుంచి ఇంకోదానికి డబ్బు దాటించే వంతెన. 2022 మార్చి 23న రోనిన్ అనే బ్రిడ్జ్ నుంచి 1,73,600 ఈథర్, దాంతో పాటు ఒక్కోటి ఒక డాలర్ విలువుండే యూఎస్‌డీసీ కాయిన్లు 2 కోట్ల 55 లక్షలు పోయాయి. అప్పటి రేట్ల ప్రకారం 60 కోట్ల డాలర్ల పైమాటే. ఆక్సీ ఇన్ఫినిటీ గేమ్ ఆడేవాళ్ళు వాడే బ్రిడ్జ్ అది, నడిపేది వియత్నాంకి చెందిన స్కై మావిస్ కంపెనీ. దానికి 9 తాళాలు, 5 కలిస్తే తెరుచుకుంటుంది. వినడానికి మా షావుకారు పెట్టె కంటే చాలా గట్టిగా ఉంది కదా. కానీ ఆ 9లో 4 తాళాలు ఆ కంపెనీ చేతిలోనే ఉన్నాయి. ఐదోది వేరేవాళ్ళది, అయితే 2021 నవంబర్‌లో రద్దీ ఎక్కువగా ఉందని కంపెనీకి తాత్కాలికంగా వాళ్ళ తరఫున సంతకం పెట్టే అనుమతి ఇచ్చారు. డిసెంబర్‌లో అవసరం తీరిపోయింది, అనుమతి తీసెయ్యడం మర్చిపోయారు. అంతే. ఒక్క కంపెనీలోకి దూరితే 5 తాళాలూ దొరికాయి. నాకు బాగా బాధేసేది ఇంకో సంగతి, దొంగతనం జరిగిందని 6 రోజులు ఎవరికీ తెలీలేదు. మార్చి 29న ఎవరో యూజర్ 5,000 ఈథర్ తీసుకుందామంటే రాకపోతే అప్పుడు చూసుకున్నారు. మా నాన్న రోజూ రాత్రి తొమ్మిదయినా పదయినా రోకడ, అంటే పెట్టెలో ఉన్న నగదు, చిట్టాతో సరిచూడకుండా ఇంటికి వచ్చేవారు కాదు, ఐదు రూపాయలు తేడా వస్తే మళ్ళీ మొదట్నుంచీ కూడేవారు. 60 కోట్ల డాలర్ల పెట్టెకి రోజూ రాత్రి రోకడ చూసే మనిషి లేడు!

తాళాలు ఎక్కువుంటే చాలదు, పెట్టే సంతకం చదవాలి కూడా. 2024 జులై 18న మన దేశపు ఎక్స్చేంజ్ వజీర్‌ఎక్స్ నుంచి దాదాపు 23 కోట్ల 50 లక్షల డాలర్లు పోయాయి. అది కూడా మల్టీసిగ్ వాలెటే, కావాల్సిన నాలుగు సంతకాలూ పడ్డాయి, సంతకం పెట్టిన వాళ్ళకి మాత్రం తాము దేనికి పెడుతున్నారో తెలీదు. ఏడాదికి పైగా లక్షల మంది భారతీయుల డబ్బు ఇరుక్కుపోయింది, అందులో మన తెలుగువాళ్ళు ఎంతమందో. 2025 ఫిబ్రవరి 21న దుబాయ్‌లోని బైబిట్ అనే ఎక్స్చేంజ్‌కి ఇదే జరిగింది, ఈసారి దాదాపు 150 కోట్ల డాలర్లు. ఆఖరి సంతకం పెట్టింది సీఈఓ బెన్ జోవ్ స్వయంగా. వాళ్ళు వాడే వాలెట్ సాఫ్ట్‌వేర్ చేసే డెవలపర్ కంప్యూటర్‌లోకి దొంగలు ముందే దూరారు, స్క్రీన్ మీద మామూలు ట్రాన్స్‌ఫర్ కనబడింది, లోపల మాత్రం వాలెట్ మొత్తం అప్పగించే కాగితం. తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకునే వడ్డీ వ్యాపారుల కథలు మనం ఎన్ని వినలేదు, ఇదీ అదే, కాకపోతే ఇక్కడ వేలిముద్ర వేసినవాళ్ళు ఆ రంగంలోనే చేయి తిరిగినవాళ్ళు. ఈ మూడింటి వెనకా ఉత్తర కొరియా ముఠాలే ఉన్నాయని అమెరికా ప్రభుత్వం ప్రకటించింది.

ఉద్యోగాలు వెతుక్కునే పిల్లలకి ఇక్కడే ఒక మాట చెప్పాలి, చాలా ముఖ్యం. రోనిన్‌లోకి దొంగలు దూరింది ఒక ఇంజినీర్‌కి దొంగ ఉద్యోగం ఆఫర్ పంపి అని తర్వాత వార్తలొచ్చాయి. ఇంటర్వ్యూలు కూడా పెట్టి, భారీ జీతం చెప్పి, ఆఫర్ లెటర్ అని ఒక పీడీఎఫ్ పంపారంట. ఇప్పుడైతే ఈ పద్ధతి ఇంకా ముదిరింది, లింక్డిన్‌లో వచ్చి టెస్ట్ అసైన్‌మెంట్ అంటారు, ఈ కోడ్ డౌన్‌లోడ్ చేసి రన్ చెయ్యి అంటారు, రన్ చేస్తే నీ కంప్యూటర్‌లో ఉన్న కీలన్నీ వాళ్ళకి పోతాయి. ఉద్యోగం కావాలనే ఆత్రంలో ఉన్న కుర్రాడికి ఇది ఎంత సులువుగా తగులుతుందో నాకు తెలుసు, 2019లో ఎవరైనా నాకు ఇలా పంపి ఉంటే నేను కళ్ళు మూసుకుని రన్ చేసేవాణ్ణి. తెలియని కోడ్ ఏదైనా సరే విడిగా పెట్టుకున్న మెషిన్‌లోనే తెరవాలి, వాలెట్ ఉన్న ల్యాప్‌టాప్‌లో అస్సలు వద్దు. ఈ ఒక్క అలవాటు లేనివాణ్ణి నేనైతే ఉద్యోగంలోకి తీసుకోను.

నేనిప్పుడు చేసేది స్మార్ట్ కాంట్రాక్ట్ ఆడిట్. అంటే వేరేవాళ్ళు రాసిన కోడ్‌ని, అది బ్లాక్‌చెయిన్ ఎక్కకముందు, దొంగ కళ్ళతో చదవడం. ఒకసారి ఎక్కాక మామూలుగా మార్చడానికి ఉండదు, మార్చుకునే వీలు పెట్టుకుంటే ఆ వీలే ఇంకో తాళం అవుతుంది. 2022లో నోమాడ్ అనే బ్రిడ్జ్‌ని అప్‌గ్రేడ్ చేస్తూ ఒకచోట నమ్మదగిన విలువగా సున్నాని పెట్టేశారు. రుజువు లేని మెసేజ్‌కి డిఫాల్ట్‌గా ఉండే విలువ కూడా సున్నానే. దాంతో ఏ రుజువూ లేని మెసేజ్ కూడా నిజమైపోయింది. ఆగస్టు 1న ఒకడు డబ్బు లాగాడు, మిగతావాళ్ళు వాడి ట్రాన్సాక్షన్‌ని కాపీ చేసి అడ్రస్ దగ్గర తమది పెట్టుకుని లాగారు, కోడింగ్ రానివాళ్ళు కూడా. గంటల్లో 19 కోట్ల డాలర్లు ఖాళీ. ఒక్క సున్నా.

నా సొంత తప్పు ఒకటి చెప్తాను. ఇది చెప్పకపోతే పైన రాసినదంతా ఒడ్డున కూర్చుని చెప్పినట్టుంటుంది. మూడేళ్ళ కిందట ఒక వాల్ట్ కోడ్ చదివాను, జనం డబ్బు వేస్తే దానికి తగ్గట్టు షేర్లు ఇచ్చే కాంట్రాక్ట్ అది. పది రోజులు చదివి, అంతా బాగుందని రాసిచ్చాను. దాన్నే చదివిన రెండో ఆడిటర్ ఒక చోట వేలు పెట్టాడు. మొట్టమొదట డబ్బు వేసేవాడు లెక్కలోకి రానంత చిన్న మొత్తం వేసి ఒక్క షేర్ తీసుకుని, తర్వాత ఒక పెద్ద మొత్తాన్ని డిపాజిట్ ద్వారా కాకుండా నేరుగా వాల్ట్‌కి పంపిస్తే ఆ ఒక్క షేర్ విలువ అమాంతం పెరిగిపోతుంది. తర్వాత వచ్చినవాడు అంతకంటే కొంచెం తక్కువ వేస్తే వాడికి రావాల్సింది ముప్పాతిక షేరో ఇంకెంతో, భాగహారంలో కింద మిగిలిన ముక్క కొట్టేస్తారు కాబట్టి వాడికి వచ్చేది సున్నా. డబ్బంతా మొదటివాడిది. ఇది కొత్త దాడి ఏం కాదు, తెలిసినదే, నేను అంతకు ముందు చదివినదే. తొమ్మిదో రోజుకి అలసిపోయి, ఈ ఫంక్షన్ ముందు చూశాను కదా అని దాటేశాను. కోడ్ ఇంకా ఎక్కలేదు కాబట్టి ఎవరి డబ్బూ పోలేదు. కానీ ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. నా రిపోర్ట్ చూసి నమ్మి డబ్బు వేసేవాళ్ళు ఎవరో ఊహించుకుంటూ కూర్చున్నా. అప్పట్నుంచి ఏ కోడ్ అయినా, ఎంత చిన్నదైనా, భాగహారం కనబడిన ప్రతిచోటా ఆగి నోట్‌బుక్‌లో చేత్తో లెక్క వేస్తాను. స్పీడ్ తగ్గింది, కొందరు క్లయింట్లు విసుక్కుంటారు, ఫర్వాలేదు.

దీన్నే తిప్పి చూస్తే మంచి కథలూ ఉన్నాయి. 2021 డిసెంబర్ 3న ఒక వైట్ హ్యాట్ హ్యాకర్, అంటే లోపం దొరికితే దోచుకోకుండా చెప్పే మంచి హ్యాకర్, పాలిగాన్ కాంట్రాక్ట్‌లో లోపం పట్టుకుని వాళ్ళకి రిపోర్ట్ చేశాడు. మొత్తం 1,000 కోట్ల టోకెన్లలో 920 కోట్లకు పైగా కొట్టేయగలిగేంత లోపం. చెప్పకుండా కొట్టేస్తే అడిగేవాడు లేడు. అతను చెప్పాడు, వాళ్ళు రెండు రోజుల్లో సరిచేశారు. ఈలోపే ఎవడో 8 లక్షల టోకెన్లు లాగేశాడు, ఆ నష్టం సంస్థే భరించింది. నెలాఖరుకి జరిగిందంతా బయటపెట్టి రాశారు, అతనికీ, అతని తర్వాత అదే లోపం చెప్పిన ఇంకొకరికీ కలిపి 34 లక్షల డాలర్లకు పైగా బహుమతి ఇచ్చారు. 2022లో వర్మ్‌హోల్ అనే బ్రిడ్జ్‌లో లోపం చెప్పిన ఒకరికి కోటి డాలర్లు వచ్చాయి, సత్య0ఎక్స్ అనే మారుపేరు తప్ప అతనెవరో జనానికి తెలీదు. డిగ్రీ అడగలేదు, ఏ కాలేజ్ అని అడగలేదు. మన పిల్లలకి ఈ దారి ఉందని తెలిస్తే బాగుండు అని నాకు చాలా తపన. నేర్చుకోవడానికి పైసా ఖర్చు లేదు, ఓపెన్‌జెప్పెలిన్ వాళ్ళ ఎథర్నాట్ అని ఆట ఉంది, ఒక్కో లెవెల్‌లో ఒక్కో కాంట్రాక్ట్‌ని బద్దలు కొట్టాలి, డ్యామ్ వల్నరబుల్ డీఫై అని ఇంకోటి ఉంది, సైఫ్రిన్ అప్‌డ్రాఫ్ట్‌లో కోర్సులున్నాయి, కోడ్‌అరీనా, షెర్లాక్ లాంటి చోట్ల పోటీలు జరుగుతాయి. అయితే ఆ కోటి డాలర్లు చూసి రాకూడదు. మొదటి ఆరు నెలలు ఒక్క డాలర్ కూడా రాకపోవచ్చు, నాకు ఎనిమిది నెలలు రాలేదు.

ట్రేడింగ్ చేసి బతుకుతా అనేవాళ్ళకి మాత్రం నేను గట్టిగా వద్దనే చెప్తాను. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద సెస్సు. ఆ జులై నుంచి అమ్మినప్పుడల్లా 1 శాతం టీడీఎస్. ఒక కాయిన్‌లో లక్ష లాభం, ఇంకోదాంట్లో లక్ష నష్టం వస్తే చేతిలో మిగిలింది సున్నా, అయినా 30 వేలు పన్ను కట్టాలి, నష్టాన్ని లాభంలో తగ్గించుకోనివ్వరు. ఈ రూల్ అన్యాయమని నా అభిప్రాయం, ఎవరితోనైనా వాదిస్తాను, కానీ రూల్ ఉన్నంతకాలం ఈ లెక్కతో ఇల్లు నడవదు. ఇంకో పక్క 2023 మార్చిలో క్రిప్టో కంపెనీలన్నిటినీ మనీలాండరింగ్ చట్టం కిందకి తెచ్చి, ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర రిజిస్టర్ అవ్వాలన్నారు, దాంతో కేవైసీ చూసేవాళ్ళు, లావాదేవీలు గమనించేవాళ్ళు, లా చదివినవాళ్ళు, సీఏలు కావాల్సొచ్చారు. కోడింగ్ రాని వాళ్ళకి ఇందులో చోటు లేదనుకోవడం తప్పు.

ఇంక వడ్డీ సంగతి. 2022 మేలో టెర్రా అనే క్రిప్టో నెట్‌వర్క్ కూలిపోయింది, దాదాపు 4,000 కోట్ల డాలర్లు ఆవిరి. అందులో యాంకర్ అని ఒకటి ఉండేది, ఏడాదికి 19.5 శాతం వడ్డీ ఇస్తామనేవాళ్ళు. అమెరికావాడికి ఇది కళ్ళు తిరిగే వడ్డీ. మనవాళ్ళకి కాదు, మన లెక్కలో అది నూటికి నెలకి రూపాయి అరవై పైసలు, ఊళ్ళో రెండు రూపాయల వడ్డీ మామూలే కదా. అందుకే మనవాళ్ళకి అది మోసంలా కనబడలేదు, నాకు తెలిసిన ముగ్గురు అందులో పెట్టారు. కానీ ఊళ్ళో రెండు రూపాయలకి అప్పిచ్చేటప్పుడు తీసుకునేవాడు ఎవరో తెలుసు, వాడి పొలం ఎక్కడో తెలుసు, ఆ ఏడు మిర్చి ఎంత పండిందో కూడా తెలుసు. యాంకర్‌లో ఆ వడ్డీ ఎవరు కడుతున్నారు? అప్పు తీసుకున్నవాళ్ళు కట్టేది చాలట్లేదు, తేడా నిధి నుంచి పోస్తున్నారు, నిధి కరిగిపోతోంది, ఇవన్నీ అందరూ చూడగలిగే చిట్టాలోనే ఉన్నాయి. చూసినవాళ్ళు తక్కువ. అదే ఏడాది నవంబర్‌లో ఎఫ్‌టీఎక్స్ అనే ఎక్స్చేంజ్ పడింది, కస్టమర్లు దాచుకున్న డబ్బుని తమ సొంత ట్రేడింగ్ కంపెనీకి వాడేసుకున్నారు, 800 కోట్ల డాలర్ల లోటు, దాన్ని పెట్టిన శామ్ బ్యాంక్‌మన్ ఫ్రైడ్‌కి 2024 మార్చిలో 25 ఏళ్ళ జైలు పడింది. మన దేశంలోనే గెయిన్‌బిట్‌కాయిన్ అని నెలకి 10 శాతం చొప్పున 18 నెలలు ఇస్తామని చెప్పి ఎన్ని కుటుంబాల్ని ముంచారో.

కాబట్టి కాదని చెప్పడం రావాలి, ఇది కూడా ఈ పనిలో భాగమే. రెండేళ్ళ కిందట ఒక టోకెన్ వాళ్ళు వచ్చి, నీకు తెలుగువాళ్ళలో మంచి పేరుంది, ఒక్క వీడియో చెయ్యి చాలు అన్నారు, నా ఆరు నెలల సంపాదన ఇస్తామన్నారు. కోడ్ తెరిచి చూస్తే ఓనర్ ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎన్ని టోకెన్లు కావాలంటే అన్ని పుట్టించుకోవచ్చు, కీ ఒక్కటే, అది ఆయన దగ్గరే. చెయ్యనన్నాను. ఇంట్లో అప్పుడు అవసరం ఉంది, మా అమ్మకి మోకాలి ఆపరేషన్, కాబట్టి సులువుగా అనలేదు. మా పిన్ని కొడుకు లాంటివాళ్ళు నా మాట విని అందులో డబ్బు పెడతారన్న ఒక్క సంగతే నన్ను ఆపింది.

బాపట్ల కుర్రాడు ఆ తర్వాత ఎథర్నాట్ మొత్తం పూర్తి చేశాడు. ఒక పోటీలో చిన్న లోపం ఒకటి పట్టుకున్నాడు, అదే లోపం ఇంకా చాలామంది పట్టుకున్నారు కాబట్టి పంచగా వాడికి వచ్చింది 38 డాలర్లు, దాన్ని రిటర్న్స్‌లో ఎలా చూపించాలని అడిగాడు, అప్పుడే నాకు వీడు నిలబడతాడని నమ్మకం కలిగింది. ఈమధ్య ఒక చిన్న టీమ్‌లో ఇంటర్న్‌గా చేరాడు. పోయిన వారం రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు, గొంతులో కంగారు.

"అన్నా, ఇక్కడ మల్టీసిగ్ ఉంది, ఐదింట్లో మూడు సంతకాలు కావాలి. కానీ ఆ మూడు కీలూ ఒకే సార్ ల్యాప్‌టాప్‌లో ఉన్నాయన్నా. కోడ్‌లో తప్పేం లేదు. సార్ చాలా మంచాయన, నన్ను తీసుకుంది కూడా ఆయనే. ఇది రిపోర్ట్‌లో రాయాలా?"

"రాయి" అన్నాను. "మొదటి పేజీలోనే రాయి. రాసే ముందు ఆయనకి నువ్వే స్వయంగా చెప్పు."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత సరేనన్నా అని పెట్టేశాడు. పొద్దున ఆరింటికి మెసేజ్ ఉంది, సార్‌తో మాట్లాడాడంట, ఆయన కీలు విడిగా దాచుకునే పరికరాలు, హార్డ్‌వేర్ వాలెట్లు, రెండు కొత్తవి ఆర్డర్ పెట్టారంట, ఒకటి బెంగళూరులో ఉన్న పార్ట్‌నర్‌కి, ఇంకోటి వీడికే ఇస్తానన్నారంట.